పంచదార లేని ఈస్టరు కేకు

నేను ఒక కేకు గిన్నెను. గుండ్రంగా, జానెడు వెడల్పున, వెలిసిన అల్యూమినియం రంగులో ఉంటాను. నన్ను చూసి ముచ్చటపడకండి. మీ జాతి మీద నాకు ఏనాడూ మంచి అభిప్రాయం లేదు.

రాజమండ్రిలో ఒక గిన్నెల కార్ఖానాలో రేకును నొక్కి నన్ను తయారుచేశారు. అంచు మడిచి, గట్టిగా ఉన్నానో లేదోనని చెక్క సుత్తితో రెండు మొట్టికాయలు వేశారు. లోకంలో నాకు దక్కిన మొదటి మర్యాద అది. తర్వాత నిడదవోలులో సలోమమ్మ అనే పెద్దావిడ కొట్లో నన్ను గోటితో మీటి, మోత నచ్చక మొహం చిట్లించి, అయినా కొనేసింది. తెచ్చి పెద్దకోడలు కృపావతి చేతిలో పెట్టింది.

"ఈస్టరుకి చర్చికి తీసుకెళ్ళే కేకు ఇకనుంచి నువ్వే చెయ్యాలమ్మా" అంది.

కృపావతి భర్త పెళ్ళయిన కొత్తలోనే కామెర్లతో పోయాడు. పుట్టింటి వైపు పిలిచేవాళ్ళు లేక ఆమె అత్తింట్లోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకు మరిది విల్సన్ సునందను పెళ్ళి చేసుకుని తెచ్చాడు. సునంద కేకుల మీద ఐసింగు పూలు వెయ్యడం నేర్చుకున్న పిల్ల. అత్తగారు ఎంతో న్యాయంగా పంచాననుకుంది. కేకు కాల్చడం పెద్దకోడలి వంతు, అలంకరణ చిన్నకోడలి వంతు. తోడికోడళ్ళ యుద్ధానికి ఆ పంపకమే ముహూర్తం.

పండగ ముందురోజు కృపావతి నాకు వెన్న రాసి, మైదా చల్లి, పిండి పోసేది. పెద్ద దబరాలో ఇసుక కాచి నన్ను అందులో దించి, మూత మీద నిప్పులు పోసేది. పొగకు కళ్ళు వాచేవి. కేకు చల్లారాక సునంద వచ్చి గులాబీలు, తెల్లపూలు, పైన "క్రీస్తు లేచెను" అన్న అక్షరాలు చకచకా వేసేసేది. చర్చిలో అందరూ పూలనే మెచ్చుకునేవారు. పూలకింద కేకు ఉందని ఎవరికీ తోచేది కాదు. ఇంటికొచ్చాక కృపావతి ఆ కోపమంతా పీచుతో నా ఒంటి మీద తీర్చుకునేది. నా మీది గీతల్లో సగం ఆవిడవే.

ఒక ఏడు విల్సన్ కరెంటు ఓవెన్ కొన్నాడు. పండగ ముందురోజు సునంద, కృపావతి పక్కనే ఉండగా, అత్తగారితో అంది: "అత్తయ్యా, వచ్చే ఏడునుంచి కేకు కూడా నేనే చేస్తాను. అక్కని ఇక పొగలో కూర్చోవద్దనండి."

సలోమమ్మ "సరేలే" అంది. అంత తేలిగ్గా అంది.

 కృపావతి వంటింట్లోకి వచ్చి పిండి కలిపింది. వెన్న వేసింది, గుడ్లు గిలకొట్టింది, ఎండుద్రాక్ష చల్లింది. పంచదార డబ్బా మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టేసింది. నేను నిక్షేపంగా కాల్చి ఇచ్చాను. నన్నెవరు అడిగారు?

సాయంత్రం సునంద కేకు పైభాగం చదును చేస్తూ, రాలిన ముక్క నోట్లో వేసుకుంది. నమలడం ఆపింది. వంటింటి గుమ్మం వైపు తిరిగి పిలిచింది.

"అక్కా, రుచి చూశావా?"

"నా చేతి కేకు నేను రుచి చూసుకోవాలా?"

"అదేలే" అని సునంద నవ్వింది. అలాంటి నవ్వు కత్తులకు ఉంటుందని విన్నాను. ఐసింగు తీపి కేకు చప్పదనాన్ని కప్పెయ్యకూడదని దాన్ని ఉల్లిపొరలా పూసింది. దేవుడి మాట రాసి, దానికింద ఎర్రరంగుతో ఇంకో వరుస రాసింది: "చేసినది కృపావతి."

మర్నాడు సూర్యోదయ ఆరాధనకు కేకుతోపాటు నన్నూ మోసుకెళ్ళారు. నాలో చాకు, చెంచాలు పడేశారు. ఆరాధన అయ్యాక కేకు మీది గుడ్డ తీస్తే కృపావతి తన పేరు చూసుకుంది. ఆమె మొహంలో నెత్తురు లేదు. పాస్టరమ్మగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, అలాగే ఉండిపోయింది. వెనకెవరో నోట్లోది ఉమ్మడానికి రుమాలు తీశారు.

"పంచదార మర్చిపోయినట్టున్నావమ్మా, కృపావతీ?" అంది పాస్టరమ్మగారు.

"మర్చిపోలేదండీ" అంది కృపావతి, అందరికీ వినపడేలా. "కావాలనే వెయ్యలేదు. ఆ ఇంట్లో నాదని చెప్పుకోడానికి ఇదొక్కటే పని. అదీ లాక్కుంటున్నారు."

"నాకు నిన్ననే తెలుసు" అంది సునంద. "తెలిసే తెచ్చాను. ఇన్నేళ్ళూ నా వేపు ఒక్కసారి చూశావా నువ్వు? నేను వేసిన ఒక్క పువ్వు బాగుందన్నావా?"

క్షమాపణ గురించి అప్పుడే ప్రసంగించి దిగిన పాస్టరుగారు గొంతు సవరించుకుని, టీ ఎక్కడుందని అడిగాడు. సలోమమ్మ కుర్చీలోంచి లేచి, "పదండి ఇంటికి" అంది. కోడళ్ళిద్దరూ కేకు పళ్ళేన్ని చెరోపక్కా పట్టుకుని మోశారు.

ఆ నెలలోనే కృపావతి తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల హాస్టలుకు వంటమనిషిగా వెళ్ళిపోయింది. బట్టలనూ నన్నూ తప్ప ఏమీ తీసుకోలేదు. సలోమమ్మ గుమ్మందాకా వచ్చి ఏడ్చింది. వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

హాస్టల్లో నన్ను అల్లం ముక్కలకీ, ఉప్పుకీ వాడారు. మళ్ళీ ఈస్టరు వచ్చింది. కృపావతి పిల్లల కోసం ఇసుక కాచి నన్ను అందులో దించింది. కాసేపటికి వంటింటి గుమ్మంలో సునంద నిలబడి ఉంది, చేతిలో మూతపెట్టిన స్టీలు డబ్బాతో.

"అత్తయ్యగారు పంపారా?" అంది కృపావతి.

"ఎవరూ పంపలేదు. ఓవెన్లో కేకు నడుమ కుంగిపోయింది. రెండోసారీ అంతే."

"అయితే?"

"అయితే ఏంటి? ఐసింగు కలిపేశాను. పారబొయ్యమంటావా?"

"ఇది హాస్టలు పిల్లలకి. మీ చర్చికి కాదు."

"పిల్లలు ఐసింగు తినరా?"

కృపావతి కాలితో పీటను ఆమె వైపు నెట్టింది. "కూర్చో. ఇంకా కాలలేదు."

సునంద కూర్చుంది. ఒకరు గోడను చూస్తున్నారు, ఇంకొకరు నేలను. ఎవరూ క్షమించమని అడగలేదు, ఎవరూ లేచి వెళ్ళనూ లేదు. ఇద్దరి మధ్యా, ఎర్రగా కాగిన ఇసుకలో కూర్చుని, నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.