అయిదో రంధ్రం

ఇనుముకి నోరుంటుందని ఫూక్ సెంగ్ నమ్మకం. రౌబ్‌లోని అతని షెడ్డుకి ఎవరు ఎలాంటి తుక్కు లారీ ఈడ్చుకొచ్చినా, కిందకి దూరి, గ్రీజు గోకి, ఐదు నిమిషాల్లో దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేసేవాడు. యుద్ధం అయిపోయాక బ్రిటిష్ సైన్యం వదిలేసి పోయిన లారీలవి. ఒకప్పుడు ఫిరంగులు లాగినవి. వాటికి తలుపులు పీకేసి, చెక్క కేబిన్ కట్టి, ఒక గేర్‌బాక్స్ వెనక ఇంకోటి తగిలించి, బ్రేకులు కాలిపోకుండా నీళ్ళు కారడానికి నెత్తిన ఓ పీపా పెట్టి, కొండల్లోంచి దుంగలు దింపడానికి తయారుచేసేవారు. జనం వాటిని కొండరాజులంటారు. తలుపులెందుకు లేవని అడిగేవాళ్ళని చూస్తే ఫూక్ సెంగ్‌కి నవ్వొచ్చేది. బ్రేకు పోతే డ్రైవరు దూకొద్దూ!

అరవై నాలుగో ఏట అతన్ని వెతుక్కుంటూ కౌలాలంపూర్ నుంచి ఫైరూజ్ అనే షోకిలా వచ్చాడు. పాత సైనిక వాహనాలు కొని దాచుకోవడం అతని పిచ్చి. గువా ముసాంగ్ దగ్గర మూతబడ్డ రంపపు మిల్లులో ఓ కొండరాజు ఉందట, చూసి చెప్పాలట. ఇద్దరూ కలిసి ఆ మిల్లుకి వెళ్ళారు.

"అంకుల్, ఇది ఫిరంగులు లాగిన అసలైన మాటడోర్ లారీయేనా, నాలుగు లారీల ముక్కలు కలిపిన బొంతా? మీరు ఔనంటేనే కొంటాను. కొన్నాక మొదట్లో ఎలా ఉండేదో అలా చేసిపెట్టాలి మీరే."

"అంటే మేం ఇన్నేళ్ళు చెమటోడ్చి చేసిందంతా పీకి పారేయాలి. అంతేనా?"

"అలా అంటే ఎలా అంకుల్!"

"ఎలా అన్నా అదేలే," అని ఫూక్ సెంగ్ అట్ట పరుచుకుని లారీ కిందకి దూరాడు.

కేబిన్ కొత్తది, ఇంజను జపాన్‌ది. రేకు మీద ఎవరో నాలుగుసార్లు రంగు మార్చారు. ముందు భాగం చాసిస్ మాత్రం మాటడోర్‌దే, అనుమానం లేదు. మధ్యలో వంగిపోకుండా తగరం గనుల్లోని రైలు పట్టా ముక్కలు వేసి అతికారు. అతుకు బాగా పడింది. ఎవడోగాని పనివాడే అనుకుంటూ టార్చి వెనక్కి తిప్పాడు. రెండో గేర్‌బాక్స్ కూర్చునే దిమ్మకి నాలుగు బోల్టులున్నాయి. ఎడమ బోల్టు పక్కన గ్రీజు కింద బొటనవేలంత గుండ్రటి మచ్చ తగిలింది. గోకి చూశాడు. తప్పుగా వేసి, మళ్ళీ వెల్డింగుతో పూడ్చేసిన రంధ్రం.

ఆ అయిదో రంధ్రం వేసింది తనే. కొలత అట్టని తిరగేసి పెట్టుకుని డ్రిల్లు దింపాడు ఆ రోజు. పొరపాటు తనది, తిట్లు మాత్రం పక్కన దీపం పట్టుకున్న తమ్ముడు యూన్ సెంగ్‌కి. "దీపం సరిగ్గా పట్టి చావు" అని అరిస్తే వాడు కిసుక్కున నవ్వి, "సర్లే అన్నా, రంధ్రం నేనే వేశాననుకో" అన్నాడు.

పందొమ్మిదేళ్ళ కిందట లోయలో పడి ఏట్లో కొట్టుకుపోయిన లారీ ఇది. ఇప్పుడు తన ముక్కుకి జానెడు దూరంలో, ఎక్కడా వొంపు కూడా పడకుండా నిలబడి ఉంది.

ఆ రోజుల్లో షెడ్డులో ముగ్గురుండేవారు. లారీలు తయారుచేసేది ఫూక్ సెంగ్. అడవి పని కుదుర్చుకొచ్చేది భాగస్వామి తత్ హిన్. ఘాట్‌లో దుంగలు దింపేది తమ్ముడు. ఓ వానాకాలం యూన్‌కి జ్వరం వస్తే, పైన దుంగలు నరికే శిబిరం దగ్గర వాలులో లారీ నిలిపి, చక్రాలకి రాళ్ళు పెట్టి, ఇంకో లారీ ఎక్కి దిగొచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే తత్ హిన్ ఎగశ్వాసతో పరిగెత్తుకొచ్చాడు. లారీ జారి లోయలో పడి ఏట్లో కొట్టుకుపోయిందట, మీ తమ్ముడు రాళ్ళు పెట్టడం మరిచాడట. ఒడ్డున దొరికిందంటూ లారీ నంబరున్న ఇత్తడి బిళ్ళ గుర్తుగా తెచ్చి చేతిలో పెట్టాడు.

"నాలుగు చక్రాలకీ పెట్టానన్నా. అమ్మ మీద ఒట్టు, నాలుగింటికీ పెట్టాను."

ఫూక్ సెంగ్ వినలేదు. షెడ్డంతా చూస్తుండగా చెంప పగలగొట్టాడు. "నీ చేతికి స్టీరింగ్ ఇచ్చాను చూడు, నాకు లేదురా బుద్ధి. మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అన్నాడు. రాళ్ళు పెట్టడం కూడా చేతకాని డ్రైవరని మాట పాకిపోయింది. ఆ తర్వాత పహాంగ్ మొత్తం మీద ఒక్క కంట్రాక్టరూ యూన్‌కి లారీ ఇవ్వలేదు. తల్లి పోయినప్పుడు శవపేటికకి ఒక పక్క తత్ హిన్ భుజం పట్టాడు. కన్నకొడుకు యూన్ రోడ్డవతల నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

లారీ కింద పడుకుని ఉండగానే ఫూక్ సెంగ్‌కి ఇంకోటి గుర్తొచ్చింది. ఆ ఇత్తడి బిళ్ళ. మూడొందల అడుగులు దొర్లి పడ్డ లారీ నుంచి ఊడొచ్చిన బిళ్ళ అప్పడంలా చదునుగా ఉంది. స్క్రూల రంధ్రాలు ఒక్కటీ చిరగలేదు. విప్పుకొచ్చిన బిళ్ళ అది, ఊడిన బిళ్ళ కాదు. ఆ మాట ఏ కూలివాడైనా చెబుతాడు. ఇనుముతో మాట్లాడతానని విర్రవీగినవాడికి ఆ రోజు కళ్ళెక్కడికి పోయాయో!

"ఏమంటారు అంకుల్, అసలైనదేనా?" అని బయటినుంచి ఫైరూజ్ అడిగాడు.

"అసలైనదే. కొనుక్కో" అన్నాడు. పైకి లేవడానికి మాత్రం అతనికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున్న కాఫీ కొట్లో తత్ హిన్ ఎప్పటి బల్ల దగ్గరే కాయా అనే కొబ్బరి జాం రాసిన రొట్టె తింటున్నాడు. ఫూక్ సెంగ్ ఎదురుగా కూర్చున్నాడు.

"గువా ముసాంగ్‌లో మన లారీ చూశాను."

"ఏ లారీ?"

"లోయలో పడిందే, అది."

తత్ హిన్ నమలడం ఆగింది. రొట్టె పళ్ళెంలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు. బుకాయిస్తాడనుకున్నాడు ఫూక్ సెంగ్. బుకాయించలేదు, అదే ఇంకా మండించింది.

"ఆ ఏడు పీకల్దాకా మునిగున్నానురా. అడిగితే అమ్మనిచ్చేవాడివా? పెళ్ళాం కంటే ఎక్కువగా చూసుకున్నావు దాన్ని."

"అమ్ముకుంటే అమ్ముకున్నావు. నా తమ్ముడి నెత్తిన ఎందుకు రుద్దావురా?"

"ఎవడో ఒకడి మీద పెట్టాలిగా! తమ్ముడే కదా, వారం తిట్టి ఊరుకుంటావనుకున్నా. గెంటేస్తావని కలగన్నానా?" తత్ హిన్ గొంతు తగ్గించాడు. "నువ్వు లోయలో దిగి చూస్తానంటావేమోనని నెల్రోజులు వణికి చచ్చాను. ఒక్కసారి దిగుంటే, లారీ పడ్డ ఆనవాలే లేదని తెలిసి దొరికిపోయేవాణ్ణి. దిగావా నువ్వు?"

ఫూక్ సెంగ్ చెయ్యి లేచింది. కానీ ఒకసారి తప్పు చెంప మీద పడ్డ చెయ్యి అది. కిందకి దింపేసుకున్నాడు. పందొమ్మిదేళ్ళు ఒకే బల్ల మీద కాఫీ తాగి, ప్రతి కొత్త సంవత్సరానికీ ఇంటికొచ్చి భోంచేసి, తల్లి శవపేటిక కూడా మోసి, కడుపులో ఇంత విషం దాచుకున్నాడే మనిషి! దానికంటే లోతుగా ఆ చివరి ప్రశ్న లోపల దిగబడింది. కాఫీ ముట్టుకోకుండా లేచి, బెంతోంగ్ బస్సెక్కాడు.

తమ్ముడు బెంతోంగ్ బజారులో సోయా పాలు అమ్ముతాడని ఊరందరికీ తెలుసు, తనకీ తెలుసు. గంట ప్రయాణం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

యూన్ జుట్టు నెరిసిపోయింది. గుడ్డలో పాలు వడపోస్తూ తలెత్తాడు, అన్నని చూశాడు, మళ్ళీ పని చూసుకున్నాడు. ఫూక్ సెంగ్ కొట్టుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"లారీ దొరికిందిరా యూన్. లోయలో పడలేదు. తత్ హిన్‌గాడు అమ్మేశాడు. దిమ్మకి ఆ రంధ్రం ఉంది చూడు, దాంతో పోల్చుకున్నాను. నువ్వు రాళ్ళు పెట్టావురా. నీ తప్పేం లేదు."

యూన్ గుడ్డని మెలిపెట్టి చివరి చుక్కదాకా పిండాడు.

"లారీ చెప్పిందా అన్నా?"

"చెప్పింది."

"నేనూ అదే చెప్పాను, అప్పుడు."

యూన్ గ్లాసు నింపి, అన్న భుజం మీదుగా వెనక నిలబడ్డ ఆవిడకి అందించాడు.

"కాస్త పక్కకి జరుగన్నా," అన్నాడు, "జనం నిలబడ్డారు."