తొమ్మిది గుబ్బలు

జర్మనీ ఇంజనీరు కారు వెనక తలుపులో అద్దం జారి లోపలికి పడిపోయింది. 1973 ఆగస్టు నెల, ముసురు పట్టిన రోజులు. పటాన్‌చెరు ఫ్యాక్టరీ మోటారు షెడ్డులో ఆ పూట ఇద్దరే ఉన్నారు. ఒకడు ఫోర్మన్ నరసరాజు. రెండోవాడు బండ్ల సీట్లు, రెగ్జిను కుట్టే యాదన్న.

అద్దం పైకి తియ్యాలంటే ముందు తలుపు లోపలి అట్ట ఊడదియ్యాలి. మన కార్లకైతే స్క్రూలు కనబడతాయి. దీనికి ఒక్కటీ లేదు. యాదన్న అట్ట అంచున వేలు దూర్చి తడిమి చూశాడు. వెనక పుట్టగొడుగుల్లాంటి ప్లాస్టిక్ గుబ్బలు తగిలాయి. వాటి కాడలు తలుపు రేకు బెజ్జాల్లోకి నొక్కి దిగేసి ఉన్నాయి.

"సారు, గిది ఊకె గుంజితె రాదు. గుబ్బ కింద దూరేటిది ఏదన్న జేసుకోవాలె. జెర ఆగుండ్రి," అన్నాడు.

"నువ్వు నాకు నేర్పుతున్నావా?" అన్నాడు నరసరాజు. పెద్ద స్క్రూడ్రైవరు తెచ్చి అట్ట కింద దోపి, బలంగా పైకి లేపాడు. టప్పుమని మొదటి గుబ్బ విరిగింది. ఆగలేదు. తొమ్మిదింటిలో ఐదు విరిగాయి. అట్ట ఒక మూల చిరిగిపోయింది. తలుపు రంగు జానెడు పొడవున గీరుకుపోయి తెల్ల రేకు బయటపడింది. ఆ గుబ్బలు హైదరాబాదు మొత్తం వెతికినా దొరికేవి కావు. బొంబాయి నుంచి రావాలి.

మర్నాడు యాదన్న పనిలోకి వెళ్తే టైమ్ ఆఫీసు గుమాస్తా ఆపి, ఇంగ్లీషు కాయితం ఒకటి చదివి చెప్పాడు. పని తెలియని యాదన్న మొరటుగా లాగి కారు పాడుచేశాడని ఫోర్మన్ రిపోర్టు రాశాడు. ఏడు రోజులు సస్పెండు. తర్వాత విచారణ.

యాదన్న షెడ్డు వైపు చూశాడు. నరసరాజు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చూపు తిప్పుకోలేదు.

ఆ షెడ్డు ఉన్న చోట ఒకప్పుడు యాదన్న తండ్రి జొన్న వేసేవాడు. ఫ్యాక్టరీకి భూమి పోయింది, దానికి బదులుగా ఈ ఉద్యోగం వచ్చింది. నరసరాజుది సామర్లకోట. ఫ్యాక్టరీ మొదలైన ఏడాదే వచ్చాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవ జరిగినప్పుడు ఒక గుంపు అతని క్వార్టరు మీద రాళ్లు వేసింది. ఆనాటి నుంచీ అతను ఊరివాళ్లెవరితోనూ నవ్వి మాట్లాడింది లేదు. "మీవాళ్లు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా యాదన్నకు ఒళ్లు మండేది.

ఇంటికి వచ్చి సంగతి చెప్పాడు. భార్య శివమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, "పోయి తప్పయిందను. నౌకరి పోతె ఏం దిని బతుకుతం?" అంది.

"చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకుంటనే?"

"ఆయన మాట నమ్ముతరు గని నీ మాట నమ్ముతరా?"

యాదన్న కొట్టంలోకి వెళ్లి, కిందటేడు చచ్చిపోయిన బర్రె కొమ్ము వెతికి తెచ్చాడు. ఇనుముతో చేస్తే రంగు గీరుకుంటుంది, కర్రతో చేస్తే విరుగుతుంది. కొమ్మైతే గట్టిగానూ ఉంటుంది, కొద్దిగా వంగుతుంది. సంగారెడ్డి అంగట్లో కొమ్ము దువ్వెనలు చేసేవాళ్ల దగ్గర చిన్నప్పుడు చూసిన పనే. కొమ్ముకు నూనె రాసి నిప్పుల మీద కాచి, మెత్తబడ్డాక రెండు చెక్కల మధ్య బిగించి చదును చేశాడు. చివర సన్నగా అరగదీసి నడుమ చీలిక కోశాడు. ఆ చీలికలో గుబ్బ కాడ ఇమిడితే తల కింద రెండు పక్కలా సమంగా ఎత్తుతుంది. గుబ్బ నిలువునా లేస్తుంది, పక్కకు వంగి విరగదు. మొదటిది పగిలింది. రెండోది కుదిరింది.

విచారణ రోజున ట్రాన్స్‌పోర్టు ఆఫీసరు వెంకటరామయ్య బల్ల ముందు యాదన్న నిలబడ్డాడు. "సారు, అవతలి వెనక తలుపుకు గూడ గివే గుబ్బలున్నయి. మీ ముంగట ఇప్పుత. ఒక్క గుబ్బ విరిగినా నన్ను తీసెయ్యుండ్రి," అన్నాడు.

నరసరాజుతో కలిసి ముగ్గురూ షెడ్డుకు వెళ్లారు. యాదన్న కొమ్ము చీలికను అట్ట కిందికి జరిపి, కాడ దొరికేదాకా వేళ్లతో తడుముతూ పోయి, నెమ్మదిగా ఎత్తాడు. మొదటి గుబ్బ చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. తర్వాత రెండోది. తొమ్మిదీ వచ్చాయి. వాటిని తెచ్చి ఆఫీసరు అరచేతిలో పోశాడు.

వెంకటరామయ్య వాటిని ఒకసారి చూసి, నరసరాజు వైపు చూశాడు.

"ఈ ఏడు రోజుల్లో నేర్చుకుని వచ్చాడండీ," అన్నాడు నరసరాజు.

ఆఫీసరుకు సంగతి అర్థమైంది. అయినా ఫోర్మన్‌ను కింది పనివాడి ముందు తక్కువ చెయ్యడం ఆయనకు ఇష్టం లేదు. "సరే, సస్పెన్షన్ తీసేస్తున్నాను. హెచ్చరిక మాత్రం ఫైల్లో ఉంటుంది. వెళ్లి పని చూసుకో," అన్నాడు.

యాదన్న కొమ్మును నడుముకు దోపుకున్నాడు. "ఇగ గీ కారు నేను ముట్ట. విరగ్గొట్టినోళ్లు గా కాయితం మీద తమ పేరు రాసినంకనే."

"ఏం పొగరు!" అన్నాడు నరసరాజు.

"నా పేరు మీద అబద్ధం రాసినప్పుడు మీకేమున్నదో, నాకూ గదే ఉన్నది."

వానకు ముందు తలుపుల్లోకి నీళ్లు దిగుతున్నాయి, వాటి అట్టలూ ఊడదియ్యాలి. వారంలో జర్మనీ ఇంజనీరు కుటుంబం రాబోతోంది. బొంబాయి నుంచి ఇరవై గుబ్బలే వచ్చాయి. నరసరాజు వడ్రంగి చేత టేకుతో అలాంటి పనిముట్టే చేయించాడు. అది రెండో గుబ్బకే విరిగింది, దాంతోపాటు గుబ్బా పోయింది. ఆఫీసరు ఆ రోజు షెడ్డులో అందరూ వినేలా అతని మీద కేకలేశాడు. యాదన్న మూలన జీపు సీటు కుడుతూ విన్నాడు. మనసులో హాయిగానే ఉంది. ఆ హాయిని దాచుకోవాలని కూడా అతనికి అనిపించలేదు.

మరునాడు మధ్యాహ్నం నరసరాజు వచ్చి యాదన్న కుట్టు మిషన్ మీద కాయితం పెట్టాడు. తెలుగులోనే రాశాడు. గుబ్బలు తన స్క్రూడ్రైవరు వల్ల విరిగాయనీ, యాదన్న ముందే వద్దన్నాడనీ ఉంది. కింద సంతకం.

యాదన్న అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను రాసిచ్చాను. నువ్వూ ఒకటి రాసిస్తావా?" అన్నాడు నరసరాజు. "అరవై తొమ్మిదిలో ఆ రోజు మా ఇంట్లోకి రాయి వచ్చి ఉయ్యాల్లో పడింది. మూడు నెలల పిల్ల. తలకు జానెడు దూరంలో పడింది. మా ఆవిడ హైమావతి ఈనాటికీ వీధి వైపు కిటికీ తియ్యదు. ఆ గుంపులో నిన్ను చూశాను నేను. లేవని చెప్పు."

యాదన్న సూది ఆపాడు. "ఉన్న," అన్నాడు. "నేను రాయి ఎయ్యలె."

"ఎవరేశారు?"

యాదన్నకు తెలుసు. అతని సొంత తమ్ముడు మల్లయ్య. ఇప్పుడూ ఒకే ఇంట్లో, పక్క వంటింట్లో తింటున్నవాడు. పిల్ల సంగతి మాత్రం యాదన్న ఈ రోజే విన్నాడు.

"చెప్పవు కదూ," అన్నాడు నరసరాజు. "ఎలా చెబుతావు!"

యాదన్న లేచి కారు దగ్గరికి పోయాడు. రెండు ముందు తలుపుల అట్టలూ ఊడదీశాడు, నీళ్లు రాకుండా లోపల ప్లాస్టిక్ కాయితం అంటించాడు, వెనక జారిన అద్దం పైకి తీశాడు, పాత గుబ్బలకు కొత్తవి కలిపి నాలుగు అట్టలూ బిగించాడు. నరసరాజు గుబ్బల డబ్బా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అడిగినప్పుడల్లా ఒకటి అందించాడు. యాదన్న ఆ కాయితం ఆఫీసరుకు ఇచ్చాక హెచ్చరిక ఫైల్లోంచి తీసేశారు. దసరా వెళ్లగానే నరసరాజు బాయిలరు సెక్షనుకు మార్పించుకుని వెళ్లిపోయాడు.

కారు పని అయిన ఆదివారమే యాదన్న తమ్ముణ్ణి పిలిచాడు. "నువ్వేసిన రాయి ఉయ్యాలల వడ్డదట. పసిపిల్ల ఉన్నదట. పోయి తప్పయిందని ఒక మాట చెప్పిరా. నేను గూడ వస్త," అన్నాడు.

మల్లయ్య కంచం ముందు నుంచి లేచాడు. "మన బాయి, మన పొలం పోయినప్పుడు వచ్చి మనకెవడన్న ఒక మాట చెప్పిండా? ఆంధ్రోనితోని కలిసినవ్ నువ్వు. ఇగ నాతోని మాట్లాడకు."

"నేను ఎవనితోని కలువలె. తప్పు తప్పే గద."

మల్లయ్య వినలేదు. చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. మూడో రోజున వెదురు తెచ్చి, రెండు వంటిళ్ల నడుమ తడిక కట్టించాడు. యాదన్న పని నుంచి వచ్చేసరికి శివమ్మ తడికకు ఇవతల కూర్చుని పొయ్యి అలుకుతోంది. అవతల మల్లయ్య గొంతు వినిపిస్తోంది. యాదన్న కాళ్లు కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు.