కాళ్ళకు పసుపు

పెద్ద ఈరన్న చేసిన తప్పల్లా ఒక్కటే. నవ్వాడు.

బోరు దగ్గర బురదలో కాలు జారి పెళ్ళాం పడితే ఏ మొగుడైనా పరుగెత్తి లేపుతాడు. ఈరన్నా లేపాడు. కాకపోతే ముందు నవ్వాడు. బిందె ఒక దిక్కు, చెప్పు ఒక దిక్కు, నడుమ భీమక్క బాసింపట్టు వేసుకుని! పాపం, ఆపుకోలేకపోయాడు. మడమ దగ్గర ఎముక విరిగిందని తర్వాత కదా తెలిసింది. ఎమ్మిగనూరులో డాక్టరు ఎడమ కాలికి పిండికట్టు వేసి పంపించాడు.

అంతే, ఆ రోజు నుంచి భీమక్క మొగుడితో మాట బంద్ చేసింది. పదిహేను రోజులు! మాటతో ఆగినా బాగుండేది, తిండి కూడా మానుకుంది. పూటకు రెండు ముద్దల మజ్జిగన్నం, మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకోవడం. బలమైన తిండి పడకపోతే ఎముక అతకదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈరన్నకు గుండెల్లో రాయి పడింది. నలభై ఏళ్ళుగా ఆమె అరుపులు వింటూ అన్నం తిన్న మనిషి, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఆయనకూ ముద్ద దిగడం లేదు. 'తప్పైపోయింది' అంటే సరిపోయేదేమో. ఆ మాట ఆయన మీసాల కిందనుంచి పుట్టి బుద్ధెరిగి బయటికి వచ్చింది లేదు.

ఇదంతా చూడలేక కొడుకు పరమేష్ పొద్దున్నే నాలుగు పొట్టేలు కాళ్ళు కొని, అంగట్లోనే కాల్పించి, సంచితో సహా వంటింటి కొయ్యకు తగిలించి ఆటో తోలుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సంగతి కోడలు శివజ్యోతికి చెప్పాడు. నాయనకు చెప్పడం మరిచిపోయాడు.

మధ్యాహ్నం పత్తిచేనులోనుంచి శివజ్యోతి ఫోన్ చేసింది.

"మామా, ఇంట్లో కాళ్ళుండాయి గదా, రోంత కడిగి పెట్టు. ఉడుకునీళ్ళు పోసి బాగా రుద్దాల. గోళ్ళ సందున మట్టి లేకుండా గీకు."

"ఎవురు, నేనా?"

"ఇంగెవురు? అత్త లేయలేదు గదా. ఉప్పేసి రుద్ది, పసుపు బాగా పూసి పెట్టు. నేనొచ్చి పొయ్యి మీద పెడతా. ఈ పొద్దు అత్త కడుపునిండా తినాల్సిందే!"

ఫోన్ కట్టయింది. ఈరన్న చెమటలు తుడుచుకున్నాడు. పొయ్యి మీద పెట్టడమేంది? కాపడం కాబోలులే అని సర్దిచెప్పుకున్నాడు. కానీ పెళ్ళాం కాళ్ళు పట్టుకోవడమా! ఈ సంగతి శేషన్న టీ అంగడికి చేరిందంటే పదేళ్ళు చెప్పుకుని నవ్వుతారు. వీధిలోకి అటూ ఇటూ చూసి, తలుపు గడియ పెట్టి, ఉడుకునీళ్ళ తపేలాతో మంచం దగ్గరికి వెళ్ళాడు.

పాదం మీద చెయ్యి పడగానే భీమక్క ఎగిరి కూర్చుంది. "ఏం జేస్తాండావు? పిచ్చి పట్టిందా? ఇడువు, ఎవురన్నా చూస్తారు!"

పదిహేను రోజులకు మొదటి మాట! అది తిట్టే అయినా ఈరన్న చెవిలో తేనె పోసినట్టయింది.

"గోళ్ళ సందున మట్టి ఉండకూడదు," అన్నాడు తలెత్తకుండా. ఉప్పు వేసి రుద్దాడు. పుల్లతో ఒక్కో గోరూ గీకాడు. ఆ కుడి మడమ పగుళ్ళు ఇంత లోతున్నాయని ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు. చూసి, పుల్ల పక్కన పెట్టాడు. "నేను ఆ పొద్దు నవ్వకుండా ఉండాల్సింది భీమీ. తప్పైపోయింది," అనేశాడు.

భీమక్క పైట కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. వద్దనలేదు, కాలు వెనక్కి తీసుకోనూ లేదు. ఈరన్న రెచ్చిపోయి పసుపు పూశాడు. కుడిపాదం అయింది, ఎడమకాలి వేళ్ళయ్యాయి. ఏదీ తక్కువ కాకూడదని తెల్లని పిండికట్టుకు కూడా మోకాలిదాకా పట్టించాడు.

అప్పుడే తలుపు దబదబా బాదింది శివజ్యోతి. "మామా, కాళ్ళు కడిగినావా?"

"కడిగినా," అన్నాడు తలుపు తీస్తూ, ఘనంగా.

"నాలుగూ కడిగినావా?"

"నాలుగేంది? రెండే గదా ఉండేది!"

"అయ్యో, తక్కిన రెండు యాడ పోయినాయి?"

"నాకేం తెలుసు? ఉండేటివి మంచం మీదనే ఉండాయి, చూసుకో."

"మంచం మీద పెట్టినావా! కుక్క ముట్టలేదు గదా?" అంటూ లోపలికి ఉరికిన శివజ్యోతి, పసుపుపచ్చని అత్త కాళ్ళను చూసి నోరెళ్ళబెట్టింది. ఒకసారి కాళ్ళ వైపు, ఒకసారి కొయ్యకు వేలాడుతున్న సంచి వైపు చూసి నేలమీద కూలబడింది. "మామా... నేను చెప్పింది... పొట్టేలు కాళ్ళు!"

భీమక్క నవ్వింది చూడండి, మంచం కిర్రుకిర్రుమంది. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుస్తూ, పదిహేను రోజుల నవ్వూ ఒక్కసారే నవ్వింది. ఈరన్నకు సిగ్గు వేయాల్సింది, వేయలేదు. ఆయనా అందుకున్నాడు.

ఇక వంట చూడాలి! భీమక్క మంచం వంటింటి గడపలోకి జరిపించుకుని పెత్తనం మొదలుపెట్టింది. చేయి తిరిగింది కదా అని పొట్టేలు కాళ్ళు నాలుగూ మామే కడిగాడు. ధనియాలు, మిరియాలు, ఎండుకొబ్బరి కోడలు నూరింది. పొయ్యిలో తుమ్మమొద్దు, పైన మట్టికుండ. "మంట తగ్గీయమ్మే! సలసలా కాగితే రుచి సచ్చిపోతాది, కుతకుతా ఉడకాల!" అని అరుపు. ఆ అరుపు కోసమే కదా ఈరన్న ఇన్నాళ్ళూ అల్లాడింది! మూడు గంటలు సన్నసెగన ఉడికి, ఎముక నుంచి తోలు జారి, పులుసు వేళ్ళకు జిగురుగా అంటుకునేదాకా కుండ దించనివ్వలేదు.

పొద్దు వాలుతుండగా భీమక్క జొన్నరొట్టె తుంచి పులుసులో నానేసి, ఒకటి కాదు, మూడు రొట్టెలు తిన్నది. ఎముక చప్పరిస్తూ మొగుడి వైపు ఓరగా చూసింది.

"ఏమయ్యా, ఈ కాలు అతుక్కోనీ. మల్ల బోరు కాడికి పోయి రెండోది ఇరగ్గొట్టుకుంటా."

"ఎందుకే?"

"కడుగుదువు గానీ."

ఈరన్నకు నవ్వు తన్నుకొచ్చింది. గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ చేతులకు పసుపు ఇంకా పోలేదు, మీసాలు కూడా పచ్చబడ్డాయి.