అరువు తెచ్చిన తివాచీ

గుల్ ఖాన్ మా గుమ్మం ముందు కూర్చున్నాడంటే కిషన్‌బాగ్‌లోని మా గల్లీకి ఆ పూట తమాషాకు లోటుండేది కాదు. ఆయన రోహిల్లా. వడ్డీకి డబ్బులు తిప్పడం ఆయన పని. నన్నెన్నడూ కొట్టలేదు, తిట్టలేదు. కర్ర ఒళ్లో పెట్టుకుని, మా కుండలో నీళ్లే అడిగి తాగి, గొంతు సవరించుకుని, నా బాకీ ఎంతో గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేలా చెప్పేవాడు. అంతకంటే నాలుగు దెబ్బలు నయం. దెబ్బలైతే మానుతాయి.

"అంజన్! నూటా ఇర్వై రూపాయ్! వడ్డీ అలగ్!"

"జర మెల్లగ చెప్పరాదు ఖాన్ సాబ్," అనేది నా భార్య ఆండాలు లోపలి నుంచి.

"మెల్లగ చెప్తె అప్పు మెల్లగ పెరుగుతదా బహెన్?"



అప్పుడు పెద్ద యుద్ధం నడుస్తోంది. నేను తోలు కార్ఖానాలో సిపాయిల బూట్లకు తోలు కోసేవాణ్ణి. ఎక్కడో ముఖం తెలియని సిపాయిల కాళ్లకు రాళ్లు గుచ్చుకోకుండా చూసిన ఘనుణ్ణి నేను. నాకు మాత్రం చెప్పులు లేవు. ఒకనాటి మధ్యాహ్నం కోత మిషన్ కింద నా కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. దవాఖానాలో కట్టు కట్టారు. కార్ఖానా నుంచి మళ్లీ పిలుపు రాలేదు. బియ్యం ధర మాత్రం రోజుకో మెట్టు ఎక్కుతూ వచ్చింది. గుల్ ఖాన్ దగ్గరికి అలా వెళ్లాను.

ఇంట్లో మిగిలిన విలువైన వస్తువు ఆండాలు కుట్టుమిషన్ ఒక్కటే. గల్లీ ఆడవాళ్ల రవికలు, మగవాళ్ల సల్వార్లు కుట్టి ఆమె తెచ్చే అణాలతోనే పొయ్యి వెలిగేది. గుల్ ఖాన్ కన్ను దాని మీద పడింది.

"కొత్త నెల చాంద్ కనబడంగనే మిషిన్ లేపుకపోత. మర్ద్ మాట," అన్నాడు.

ఆ సాయంత్రం ఆండాలు మిషన్ మీద చెయ్యి వేసి కూర్చుంది. తరువాత నా వైపు తిరిగింది.

"కార్ఖానా ఫండుల నీ పైసలున్నయి కద. పోయి అడుగు."

ఆ ఫండు సంగతి నాకు తెలియనిది కాదు. పని చేస్తూ కాలో చెయ్యో పోగొట్టుకున్న వాళ్లకు నెలనెలా ఇంత అని ఇస్తారు. అందుకోసమే అందరి జీతంలో కొంత కోస్తారు. నేను అడగలేదు. అడగడమంటే చెయ్యి చాపడమే. రెండు వేళ్లు లేని చెయ్యి చాపడం మరీ అన్యాయం.

"ఖైరాత్ తినే గతి నాకింక పట్టలే."

"ఖైరాత్ ఎట్లయితది? నెలనెల నీ జీతంల కోసుకోలే? అప్పుడు మంచిగనే ఇచ్చినవు, ఇప్పుడు తీసుకోనీకి సిగ్గయితాందా?"

"నలుగురు ఏమనుకుంటరే?"

"ఖాన్ సాబ్ రోజు ఒర్రుతుంటె అనుకుంటలేరా? ఇంక అనుకోనీకి ఏం మిగిలింది?"

మరునాడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఫండు దఫ్తర్‌కు పోయాను. గోడ వెంబడి మగవాళ్ల వరుస. అందరూ రుమాలుతో సగం ముఖం కప్పుకున్నారు.

"నేను మా బామ్మర్ది కోసం వచ్చిన," అన్నాడు నా ముందున్నవాడు, నేను అడగకుండానే.

"నేను గూడ మా తమ్ముని కోసమే," అన్నాను. నాకు తమ్ముడు లేడు.

మా వెనక కర్రకాలు మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "నేను పక్కింటాయన కోసం," అన్నాడు.

"మరి ఆ కాలు?"

"అది వేరే సంగతి భాయ్."

కిటికీ వెనకున్న గుమాస్తా నా దరఖాస్తు తీసుకుని, రాబోయే గురువారం, జుమ్మేరాత్ నాడు నసీరుద్దీన్ సాబ్ అనే ఆయన తహకీకాత్‌కు మా ఇంటికి వస్తారన్నాడు. ఇంటి పరిస్థితి ఆయన కళ్లతో చూడాలి, అవసరం ఉందని రాయాలి, అప్పుడే మంజూరు. నా పైసలు నాకివ్వడానికి నా గతి చూడాలంట. సరే, చూడనీ, అనుకున్నాను. మా ఇంట్లో చూడ్డానికి అదొక్కటే ఉంది.

కాని మా ఇల్లు ఖైసర్ బేగం గారి ఇంట్లో ముందర గది. ఆమె ఇంటి యజమానురాలు, పెద్దామె. మేము అమ్మీజాన్ అని పిలిచేవాళ్లం. దఫ్తర్ సాయబు వస్తున్నాడని తెలిసి ఆమె పరదా వెనక నుంచి పిలిచింది.

"అంజన్ బేటా, ఆయన్ను దేని మీద కూసుండపెడతవు?"

"చాప ఉన్నది అమ్మీజాన్."

"ఆ చిరిగిన చాప మీదనా? నా వాకిట్ల? ఆయన పోయి శహర్ మొత్తం చెప్పడా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

జుమ్మేరాత్ పొద్దున్నే ఆమె ఎర్ర తివాచీ మా గదిలో పరుచుకుంది. దాని మీదికి వెండి పాన్‌దాన్, పూల కప్పులు వచ్చాయి. పక్కింటి మాణిక్యమ్మ ఇత్తడి తాంబాలం తోమి తెచ్చింది. బేగం గారి కొడుకు జాఫర్, కచేరీలో పని చేసేవాడు, తన షేర్వానీ నాకు తొడిగాడు. ఆండాలు ఊదుబత్తి వెలిగించింది. చిరిగిన చాప, పగిలిన కుండలు, మసిబట్టిన గిన్నెలు అన్నీ మాణిక్యమ్మ ఇంట్లో దాచాం. మా బీదతనాన్ని మూటగట్టి పక్కింట్లో పెట్టేశామన్న మాట. వస్తున్న మనిషి చుట్టపు చూపుగా రావడం లేదన్న సంగతి గల్లీలో ఒక్కరికీ తట్టలేదు. షేర్వానీ వేసుకున్న నాకసలే తట్టలేదు. అద్దంలో చూసుకుని, ఇన్నాళ్లూ ఇంత బాగుంటానని ఎవరూ చెప్పలేదేమని మీసం దువ్వుకున్నాను.

నసీరుద్దీన్ సాబ్ వచ్చాడు. సన్నని మనిషి. చంకలో ఫైలు. తివాచీ చూసి చెప్పులు బయటే విప్పి, జాగ్రత్తగా కూర్చున్నాడు. బేగం గారు పంపిన ఖుబానీ మీఠా ఒక చెంచా తిని కళ్లు మూసుకున్నాడు. తరువాత కలం తీశాడు.

"చెప్పు అంజన్. గుజరాన్ ఎట్ల నడుస్తున్నది?"

"మీ దువా సాబ్. అంతా ఖైరియత్."

మా వాడలో ఆ ప్రశ్నకు మరో జవాబు లేదు. చావు జరిగిన ఇంట్లో కూడా ముందు ఖైరియత్ అంటాం, ఎవరు పోయారో తరువాత చెబుతాం.

"అప్పులు గిట్ల ఏమన్న ఉన్నయా?"

పరదా వెనక బేగం గారున్నారు. పక్కన జాఫర్ ఉన్నాడు. ఒంటి మీద షేర్వానీ ఉంది.

"అరె, అసొంటియి ఏం లేవు సాబ్."

వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా కింద పడింది. ఆండాలు పడేసింది.

"చెయ్యి ఎట్లున్నది?"

నా చెయ్యి జేబులో ఉంది. "జర దెబ్బ తాకింది సాబ్. మంచిగయింది."

ఆయన రాసుకున్నాడు. ముఖంలో నిజంగానే సంతోషం కనిపించింది. "మాషా అల్లా. ఎక్కడికి పోయినా ఏడుపులే చూస్త. ఇయ్యాల ఒక చల్లని ఇల్లు చూసిన. ఈ పైసలు అవసరం ఉన్నోళ్లకు పోతయి, నీకు గూడ పుణ్యమే," అని కలానికి మూత పెట్టాడు.

అప్పుడు తట్టింది నాకు. నోరు తెరిచాను.  అంతా ఖైరియత్ అన్న నోటితో వెంటనే ఏమని అడుగుతాం?

గుమ్మంలో కర్ర చప్పుడైంది. గుల్ ఖాన్. గడువు ఇంకా ఉంది కాని, దారిన పోతూ ఊదుబత్తి వాసనకు తొంగి చూశాడు. చూసి అలాగే నిలబడ్డాడు.

"వాహ్! కాలీన్! చాందీ పాన్‌దాన్! నేనొస్తె కుండల నీళ్లు, మెహమాన్ వస్తె మీఠా? నా నూటా ఇర్వై ఏది అంజన్?"

"ఖాన్ సాబ్, జర ఆగు..."

"ఎందుకాగాలె? మిషిన్ నాకొద్దు. ఇదే తీస్కపోత!" అని తివాచీ అంచు పట్టి లాగాడు. నసీరుద్దీన్ సాబ్ దాని మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుమ్మం వైపు కదిలాడు.

పరదా కింద నుంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చి తివాచీ రెండో అంచు పట్టుకుంది.

"ఛోడ్! అది నా తివాచీ! మా అత్తగారిచ్చింది!"

సాబ్ మళ్లీ లోపలికి కదిలాడు. మీఠా కప్పు మాత్రం ఒలకనివ్వలేదు.

"సరే, పాన్‌దాన్ ఇయ్యి!"

"అది గూడ నాదే!"

"కప్పులు?"

"అవి గూడ!"

ఈ లొల్లి విని మాణిక్యమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఆ తాంబాలం నాది ఖాన్ సాబ్, దాన్ని ముట్టకు!" అని చంకన పెట్టుకుంది. జాఫర్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "అంజన్ భాయ్, ఏమనుకోకు. షేర్వానీ చిరిగితే రేపు కచేరీకి ఏం తొడుక్కోవాలె?" నేను గుండీలు విప్పి ఇచ్చేశాను. లోపల బనీనుకు బట్ట కంటే తూట్లు ఎక్కువ.

గుల్ ఖాన్ కోపంగా వెనక్కి తిరగబోతే తలుపు మేకుకు సల్వార్ తగులుకుని మోకాలి నుంచి కిందిదాకా చర్రున చిరిగింది. చూస్తుండగానే ఎవరి సామాను వాళ్లు తీసుకుపోయి గది ఖాళీ అయింది. నసీరుద్దీన్ సాబ్ కటిక నేల మీద నిలబడి చేతిలో కప్పు వంక చూశాడు.

"ఇది ఎవరిది?"

"నాదే సాబ్," అంది పరదా. "నిమ్మళంగ తిన్నంకనే ఇయ్యండి."

ఆయన తిన్నాడు. కప్పు పరదా కిందికి తోశాడు. "మరి ఈ ఇంట్ల వీళ్లది ఏమున్నది?"

"మిషిన్ ఒక్కటి సాబ్," అంది ఆండాలు బయటికి వచ్చి. "అది గూడ చాంద్ కనబడేదాకనే."

ఆయన నా వైపు తిరిగాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. "నువ్వు చెప్పు అంజన్. దరఖాస్తు నీది, ఆమెది కాదు. నీకు అవసరం ఉన్నదా, లేదా?"

గల్లీ అంతా గుమ్మంలో ఉంది. నేను ఆండాలును చూశాను. ఆమె మిషన్‌ను చూస్తోంది. ఏడెనిమిది నెలలుగా ఎవరికీ చూపించని చెయ్యి ముందుకు పెట్టాను.

"ఉన్నది సాబ్. మస్తు అవసరం ఉన్నది. అప్పున్నది. ఈ చెయ్యితోటి తోలు కోయనీకి వస్తలేదు. ఆ పైసలు నాకు కావాలె."

అంత కష్టమైన మాట నేను జన్మలో అనలేదు. అన్నాక చూస్తే నోరు ఉన్నచోటే ఉంది, ఇంటి కప్పు కూలలేదు. మాణిక్యమ్మ మాత్రం, "గీ ముక్క ముందే చెప్తె నా తాంబాలం తోమే పని తప్పేది," అంది.

సాబ్ మునుపు రాసినది కొట్టేసి కొత్తగా రాశాడు. "అప్పుకు గవాహ్ ఎవరు? సాక్షి కావాలె."

"నేను!" అని గుల్ ఖాన్ ఛాతీ మీద చరుచుకున్నాడు. "నేను ఒర్రింది ఇని గల్లీ మొత్తం గవాహ్!" చిరిగిన సల్వార్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలు ముద్ర వేశాడు. పెళ్లి పెద్దలాగా ఉన్నాడు.

"ఖాన్ సాబ్," అన్నాడు నసీరుద్దీన్ సాబ్, "మిషిన్ లేపుకపోతె ఒక్కసారే పైసలు. ఉండనిస్తె ఆమె కుట్టు ఉంటది, ఈయన ఫండు వస్తది. నెలనెల ఇంత తీసుకో. నేను రాసినంక దఫ్తర్‌ల ఎవ్వరు కాదనరు."

గుల్ ఖాన్ గడ్డం దువ్వుకున్నాడు. "దఫ్తర్ పారిపోదు. అంజన్ అయితె పారిపోతడు. మంచిది. మిషిన్ ఉండనీ."

సాబ్ వెళ్లిపోయాడు. మిగిలిన మీఠా బేగం గారు గిన్నెతో సహా పంపారు. అందరం నేల మీదే కూర్చున్నాం. గుల్ ఖాన్ తిని మూతి తుడుచుకుని ఆండాలును అడిగాడు.

"బహెన్, ఈ సల్వార్?"

"రెండణాలు."

"రెండణాలా? లూటీ! నా వడ్డీల పట్టుకో."

"వడ్డీ లెక్క ఆయనతోటి చూసుకో. కుట్టుకు నగదే ఖాన్ సాబ్."

ఆయన లేచి, తనను పట్టపగలు దోచుకుంటున్నారని గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేలా అరిచాడు. ఎవరూ రాలేదు. తరువాత నా లుంగీ కట్టుకుని వచ్చి, కర్ర పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆండాలు ఆయన ఇచ్చిన రెండణాలు ముందు కొంగున ముడేసుకుంది. ఆ తరువాతే సూదిలో దారం ఎక్కించింది.