ప్లాన్ల లేని పసుపు

దయానంద్‌ది గొంతు కాదది, మైకు. రెండువేల ఎనిమిదిల ఆర్మూర్ నుంచి అంకాపూర్ దిక్కు నడుమ డివైడర్ పెట్టి పెద్దరోడ్డు ఏస్తుంటే, కంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీర్‌గ చేరిండు. రాంగ్‌సైడ్ల ఎవలన్న కనబడ్డరా, ఇగ అయిపాయె. "ఏమయ్యా, పానం మీద తీపి లేదా? గింత మంచి రోడ్డేస్తే సక్కగ పోనీకి ఏం రోగం?" అని ఒర్లేటోడు.

ఇంటికొచ్చినా గదే ముచ్చట. పెండ్లాం రూత్ ఆర్మూర్ల ఒక దవాఖానల నర్సు. పెండ్లయి ఏడాది గూడ కాలే. అన్నం పెట్టుకుంట నవ్వేది. "ఓ ఇంజనీర్ సారూ, రోడ్డేసేది నువ్వు, పోయేది మేము. జర మమ్ముల గూడ అడుగరాదు?"

"అడుగుడెందుకే? ప్లాన్ల అన్ని ఉన్నయ్" అనేటోడు.

ఉన్నయ్ మరి, అబద్ధం కాదు. వాళ్ళ ఇల్లు, సైట్ ఆఫీసు రోడ్డుకు ఒక్క పక్కనే. వాకిట్ల నిలబడితే ఆఫీసు రేకులు కనబడ్తయ్. కాని ఆ పక్క బండ్లన్ని ఆర్మూర్ దిక్కే పోవాలె, ఆఫీసేమో అంకాపూర్ దిక్కు. పెద్దరోడ్డు మీద సక్కగ పోవాల్నంటే ఆర్మూర్ దాక పోయి మర్రాలె, అంకాపూర్ దాక పోయి మళ్ళ మర్రాలె. గందుకే ఊరోళ్ళ బండ్లు అటిటు తిరగనీకి పక్కపొంటి చిన్నరోడ్డు పెట్టిన్రు. దయానంద్ దగ్గరుండి ఏపిచ్చిండు. అద్దం లెక్క వచ్చింది.

వస్తే ఏమాయె? పసుపు ఉడకబెట్టే కాలం గూడ వచ్చింది.

దయానంద్ తల్లి శాంతవ్వకు ఎకరం పసుపు ఉన్నది. కొత్త డాంబర్‌ను అరికాలుతోని ముట్టి చూసి మురిసిపోయింది. "కొడుకా, ఎంత నున్నగున్నదిరా! మట్టి లేదు, ఎండకు మస్తు కాల్తున్నది. జరంత ఓ పక్కకు ఆరబోసుకుంట."

తల్లి అడిగితే కాదంటడా? "పోసుకో అమ్మా, బండ్లకు తొవ్వ ఇడ్సు" అన్నడు. శాంతవ్వ ఓ పక్కకే పోసింది. ఇంజనీర్ తల్లే పోసినంక మనకేం భయమని పక్కింటి ఎంకవ్వ ఇంకో పక్కకు పోసింది. నాలుగొద్దులల్ల చిన్నరోడ్డు మొత్తం పసుపే. బండ్లు ఎక్కకుండ చుట్టూ రాళ్ళు గూడ పేర్చిన్రు.

దయానంద్ చూడలేదా? చూసిండు. కాలం అయినంక వాళ్ళే ఎత్తుకుంటరులే అనుకున్నడు. పెద్దరోడ్డు మీద రాంగ్‌సైడ్ వచ్చేటోళ్ళు ఎందుకు ఎక్కువైన్రో మాత్రం ఆ బుర్రకు తట్టలే. తిట్లు మాత్రం డబల్ చేసిండు మహానుభావుడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఆఫీసు ముంగట నిలబడ్డడు. అంకాపూర్ దిక్కుకెల్లి ఇటుకల లారీ జోరుగ వస్తున్నది. దానికి ఎదురుంగ, పెద్దరోడ్డు అంచుపొంటి ఓ స్కూటీ. "ఇగో, వచ్చిన్రు తలకాయలేనోళ్ళు" అని నోరు తెరిచిండు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నది. స్కూటీ మీద ఉన్నది రూత్. ఆయనకే అన్నం తెస్తున్నది.

లారీ బ్రేకులు కీసుమన్నయ్. రూత్ చిన్నరోడ్డు దిక్కు హ్యాండిల్ తిప్పింది. రాళ్ళకు తాకి స్కూటీ ఓ దిక్కు, ఆమె ఓ దిక్కు. ఆమె పోయి పసుపుల పడ్డది. లారీ పక్కకెల్లి పోయింది, జానెడంత సందు ఇడిసి.

దయానంద్ ఉరికిండు. లేపి కూసోబెట్టిండు. మోచేయి చీరుకపోయింది, మొఖం నిండ పసుపు. పసుపు కాడ ఉన్న శాంతవ్వ "ఓ ప్రభువా, నా కోడలా!" అనుకుంట వచ్చి ఒడిలకు గుంజుకున్నది.

"రాంగ్‌సైడ్ల ఎందుకొచ్చినవే?" దయానంద్ ఒర్లిండు.

"మరి ఏ తొవ్వల రావాలె, నువ్వే చెప్పు" అన్నది రూత్. "రెండు దిక్కుల మర్రి వచ్చేవరకు నా డ్యూటీ టైమ్ దాటుతది. చిన్నరోడ్డు మీద పసుపున్నది. శాన దినాలసంది గిట్లనే వస్తున్న. నువ్వు దినాం తిట్టేటోళ్ళల్ల నేను గూడ ఉన్ననయ్యా."

శాంతవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. దయానంద్ రోడ్డు పక్కన కూసోని ఏడ్సిండు, సిగ్గుపడలే.

తెల్లారి పెద్ద ఇంజనీర్ దగ్గరికి పోయిండు. ఆయన తలకాయ గూడ ఎత్తలే. "చిన్నరోడ్డు ఉన్నది గద? తప్పు వాళ్ళదే. బోర్డు పెట్టియ్యి."

"సార్, మన ప్లాన్ల పసుపు లేదు."

"ఏందీ?"

"నున్నటి జాగ కనబడితే మావోళ్ళు పంట ఆరబోస్తరు. దూరం తిరగమంటే ఎదురు పోతరు. నేను ఈడనే పుట్టిన, నాకు ఎరుకే. ఎరుకుండి గూడ లేనట్టే రోడ్డేసిన."

"ముందుగాల పోసిందెవలు?"

చెప్తే నౌకరి పోతది. చెప్పకుంటే రేపు ఇంకో ఇంటామె లారీ కింద పడ్తది. "మా అమ్మ సార్. పోసుకోమన్నది నేనే."

పెద్దాయన కడుపునిండ తిట్టిండు. ఆఖరికి జీపెక్కి వచ్చి చూసిండు. ఆఫీసు పక్కన కంకర పోసుకునే ఖాళీ జాగను సాపు చేసి, మిగిలిన డాంబర్ ఏసి, పసుపుకు ఇయ్యాలన్నడు దయానంద్. ఆ జాగకు, చిన్నరోడ్డుకు నడుమ పొట్టి గోడ, రోడ్డు రెండు కొసలకు స్పీడ్‌బ్రేకర్. "రేపు ఎవలకన్న దెబ్బ తాకితే పూచీ నీదే" అన్నడు పెద్దాయన. "నాదే సార్" అన్నడు ఈయన.

పసుపు ఆరబోసే కల్లం తయారైంది. శాంతవ్వే మొదలు తన పసుపు ఎత్తింది, చీపురు పట్టి రోడ్డు ఊడ్సింది గూడ.

తొవ్వ ఖాళీ అయిన మొదటినాడు దయానంద్ చిన్నరోడ్డు కొసకు నిలబడ్డడు. చేతికి పట్టి కట్టుకొని రూత్ సల్లగ వచ్చి ఆగింది. "నేను మంచిగనే వస్తున్న గద, ఇగ నీడకు పో" అన్నది.

అంతల పెద్దరోడ్డు మీద ఓ ముసలాయన సైకిల్ ఏసుకొని ఎదురొచ్చిండు. దయానంద్ ఉరికి, సైకిల్ పట్టుకొని, చిన్నరోడ్డు ఎక్కిచ్చి, స్పీడ్‌బ్రేకర్ దాటేదాక ఎంబడి నడిసిండు.

"ఎవలయ్యా ఆయన? మనోళ్ళా?" అన్నది రూత్.

"ఏమో, ఎరుకలేదు." దయానంద్ చెమట తుడుసుకున్నడు. "గా లారీ ముంగట నిన్ను చూసినసంది, ఎవలొచ్చినా నువ్వే వస్తున్నట్టున్నదే."