ఏడో ముడి

అన్నం వార్చాలి. మేకకు తుమ్మకాయలు వేయాలి. రేషన్ కార్డు వెతికి పెట్టాలి. తొమ్మిదింటికల్లా తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌కు చేరాలి. వీటన్నిటికంటే ముందు బావిలోకి తాడు వదలాలి.

ఎసరు మరగకముందే కాశమ్మ బావి గట్టు మీదికి వచ్చింది. తాడు చివర అరచేయంత బండముక్క, పైనుంచి బారకొక ముడి. యాలాల్ దగ్గరి ఆ ఊరికి సున్నపురాయి గని వచ్చిన ఏడాది రెండో ముడి దగ్గరే నీళ్లు తగిలేవి. గనిలో పేలుళ్లు పెరిగినకొద్దీ నీళ్లు దిగిపోయాయి. దిగిన చోటల్లా తాడుకు ఎర్ర గుడ్డపీలిక కట్టింది. నిన్న ఏడో ముడి దగ్గర తడి మొదలైంది.

ఈ పొద్దు నాలుగో ముడి దగ్గరే మొదలైంది. వాన పడి నెల దాటింది.

చేదిన నీళ్లు పుక్కిలించి ఉమ్మేసింది. తుప్పు రుచి. గట్టు పక్కన మట్టిలో పెద్ద టైర్ల జాడలు. గని కంపెనీలో డ్రైవరుగా చేసే ఈశ్వర్ అరుగు మీద పళ్లు తోముకుంటూ ఆమెనే చూస్తున్నాడు.

"ఏంది పెద్దమ్మా, దేవుడు నీళ్లిచ్చినా నీకు అనుమానమేనా?"

"దేవుడు టాంకర్ ఎప్పుడు కొన్నడు, ఈశ్వర్?"

అతను నురగ ఉమ్మి లోపలికి పోయాడు.

ఇరవై ఏళ్లుగా కాశమ్మ పని బండల మీద నీళ్లు చల్లి, అవి ఆరేదాకా చూడడం. బండంతా ఆరాక ఒక సన్నని గీత మాత్రం తడిగా మిగిలితే అది లోపల పగిలినట్టు. దాన్ని పక్కన పడేస్తుంది. రాతిపొడికి దగ్గు పట్టుకుంది, వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ మిషను ఆమెను గుర్తుపట్టడం ఎప్పుడో మానేసింది.

ఆ రోజు పనికి పోలేదు. మర్నాడు ఊళ్లో ప్రజాభిప్రాయ సభ. బావులు ఎండలేదని రిపోర్టు వస్తే గని మరో నలభై ఎకరాలు ఇటు జరుగుతుంది. వాడకు తాగే నీళ్లిచ్చే బావి ఇదొక్కటే.

పదకొండింటికి నీళ్లు కొలిచే సారు టేపుతో వచ్చాడు. కాశమ్మ తాడు చూపించింది.

"తాడు లెక్కకు రాదమ్మా. టేపు ఎంత చూపిస్తే అంతే రాస్త."

"టేపు మంచిదే సారు. బాయే ఇయ్యాల అబద్ధమాడుతున్నది. పగిలిన బండల పోసిన నీళ్లు నిలువయి. జర పొద్దుగూకేదాంక కూసోండ్రి, చాయ్ పెట్టిస్త."

"ఇంకా ఆరు బావులున్నయమ్మా."

రాసుకుని వెళ్లిపోయాడు. ఆమె మాత్రం కదల్లేదు. కోడలు జ్యోతిరాణి అన్నం పళ్లెం గట్టు మీద పెట్టి గొణిగింది.

"బాయికి కావలి కూసుంటే కూలెవరిస్తరత్తా? ఆ సారిస్తడా?"

"రేపు గీ తాడు ఆళ్ల టేబుల్ మీద పెడ్త. దగ్గొచ్చి నాకు మాట ఆగితే నువ్వు చెప్పాలె."

"నేనా? ఆళ్ల ముందట నాకు నోరే పెగలదు."

"పెగుల్తది. నా మీద బాగనే పెగుల్తది గద."

మధ్యాహ్నానికి ఐదో ముడి. నాలుగింటికి ఆరు. పొద్దుగూకే వేళకు ఏడు. కాశమ్మ కొత్త పీలిక చింపి అక్కడ బిగించి, దగ్గు తగ్గేదాకా గట్టుకు ఆనుకుని కూర్చుంది. ఇంట్లోంచి జ్యోతిరాణి రెండుసార్లు పిలిచింది. పలకకపోతే వచ్చి చూసింది. తాడు మణికట్టుకు చుట్టుకునే ఉంది. ఊపిరి లేదు.

మర్నాడు వాడంతా కాశమ్మను మట్టి చేయడానికి పోయింది. అదే వేళకు సభ జరిగింది. ఆ వాడ నుంచి ఏ అభ్యంతరమూ రాలేదని రాసుకున్నారు. జ్యోతిరాణి తలస్నానం చేసి, తడిజుట్టుతోనే తాడు పట్టుకుని పరుగెత్తింది. అప్పటికే శామియానా విప్పుతున్నారు. ఖాళీ టేబుల్ మీద ఆమె పెట్టిన తాడును టెంటు మనిషి తన తాళ్లలో కలిపి చుట్టబోయాడు.

"అది మీది కాదు. మా అత్తది," అని లాక్కుంది.

ఇప్పుడా తాడు బావి గిలక మీద ఉంది. ఏడో ముడి దగ్గర పీలిక రంగు ఇంకా వెలవలేదు.

మీ ఇంట్లో తాండూరు బండలు పరిచి ఉంటే, తడిగుడ్డ పెట్టాక అన్నీ ఆరి ఒక్క గీత మాత్రం ఆరకుండా మిగిలితే, కాసేపు ఆగి కాశమ్మను తలచుకోండి.