పక్క సీట్లో స్టీరింగమ్మ

ఇరవై ఆరేళ్ళు ఒకే లారీ నడిపిన మనిషిని తీసుకెళ్ళి పక్క సీట్లో కూర్చోబెడితే ఎలా ఉంటుందో తెలియాలంటే, ఆ పొద్దున మన స్టీరింగమ్మ మొహం చూడాల్సింది. షెడ్లలో అందరికీ ఆవిడ స్టీరింగమ్మే. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆవిడే పలికేది కాదు.

మోకాళ్ళు మొరాయించి, క్లచ్ తొక్కలేక, నాలుగు నెలల కిందట లారీని అల్లుడి చేతికిచ్చింది. పాపం అతను చేస్తున్న ఉద్యోగం మానుకుని మరీ వచ్చాడు. మూడో నెలలో ఇటుకల లోడుతో ఎత్తు ఎక్కుతుంటే వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ గేర్లు ఫట్‌మన్నాయి. ఇంకేముంది! "మా అల్లుడుగారు రాకెట్టు తోలారు, గేర్ల పళ్ళు రాలగొట్టారు," అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పేసింది. ఆవిడకి కోపమొస్తే చాలు, అల్లుడి వెనక 'గారు' వచ్చి చేరుతుంది.

కొత్త గేర్లు బిగించింది ఆవిడ తమ్ముడే. మంచి మెకానిక్కు, కానీ నెమ్మది మనిషి. గేరు పళ్ళకి పసుపు పేస్టు పూసి, చేత్తో తిప్పి, ఒక పన్ను ఇంకో పన్నుని ఎక్కడ తాకుతోందో మచ్చలు చూసుకుంటాడు. మచ్చ మధ్యలో పడితే సరే, అంచున పడితే విప్పి మళ్ళీ మొదలు. అక్కగారు నెత్తిమీద నిలబడి, "ఏంట్రా, పళ్ళు తోముతున్నావా? చాల్లే, మూత బిగించు!" అని ప్రాణం తీస్తే, చచ్చినట్టు బిగించేశాడు.

"ఎనిమిది వందల కిలోమీటర్లు ఖాళీగా తిప్పాలి," అని అల్లుడికి చెప్పాడు తమ్ముడు. "అరవై దాటకూడదు అబ్బాయ్. ముందు పాతిక కిలోమీటర్లు పోయి ఆపు. అరగంట చల్లారనివ్వు. కొత్త పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడాలి కదా, తొందరపెట్టావో కాలిపోతాయి."

"నేనూ వస్తున్నాను," అంది స్టీరింగమ్మ. "ఒక్క తప్పు కనపడిందా, లారీ రేపే అమ్మేస్తాను. కలప డిపో ఆయన అడుగుతూనే ఉన్నాడు."

కూతురు గేటు దాకా వచ్చి బతిమాలింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకుని కూర్చో."

ఎక్కడ మూసుకుంటుంది! మొదటి మలుపులోనే లేని బ్రేకుని కాలితో తొక్కింది. రెండో మలుపులో "హారనూ!" అని అరిచింది. అల్లుడు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నలభైలో పోతున్నాడు. డొక్కు మోపెడ్ మీద పోతున్న ఒక పెద్దాయన వీళ్ళని దాటుకుని, వెనక్కి తిరిగి మరీ జాలిగా చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క స్టీరింగమ్మకి లోపల ఉడికిపోతోంది.

పాతిక కిలోమీటర్లకి రోడ్డు పక్కన ఆపారు. ఆవిడ వెనక్కి వెళ్ళి వంగి, డిఫరెన్షియల్ మీద అరచెయ్యి ఆనించి చూసింది. గోరువెచ్చగా ఉంది. "ఫరవాలేదు," అంది, ఆ మాట కూడా అప్పిచ్చినట్టుగా.

అరగంటయ్యాక బయల్దేరి మరో పది కిలోమీటర్లు పోయారో లేదో, అల్లుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ తీశాడు.

"ఏంటా ఆటలు?"

"గేరు ఏడుస్తోంది అత్తయ్యా. కాలు తీసినప్పుడల్లా ఊఁ అని సన్నగా."

ఆవిడ చెవి ఒగ్గింది. ఇంజను రొద తప్ప ఏమీ లేదు. "ఏ ఏడుపూ లేదు. నా తమ్ముడు బిగించిన గేరు ఏడవదు. మీకు తోలడం చేతకాక వంకలు పెడుతున్నారు అల్లుడుగారూ!"

అతను లారీ పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. "అమ్మేసుకుంటే అమ్మేసుకోండి. పాతవీ ఇలాగే ఏడ్చేవి, బండి తీరే అంతనుకున్నాను. ఇలాగే తోలితే వీటికీ అదే గతి పడుతుంది. నేను తోలను. వెనక్కి పోదాం," అన్నాడు.

నోట్లో నాలుక లేనివాడనుకున్న అల్లుడు ఎదురు మాట్లాడేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది. "దిగండి! నేనే తోలతాను!" మూలుగుతూ డ్రైవరు సీట్లోకి ఎక్కింది. మోకాలు కలుక్కుమన్నా పళ్ళు బిగించి క్లచ్ తొక్కింది. యాభైకి తెచ్చి, కాలు తీసింది. చెవికి ఏమీ రాలేదు. కానీ గేరు రాడ్డు మీద పెట్టిన అరచేతికి ఆ రాడ్డు సన్నటి వణుకు తగిలింది.

ఆ వణుకు ఆవిడకి కొత్త కాదు. తను తోలిన ఆఖరి ఏడాదంతా ఉంది. పాత బండి కదా, వయసు మీద పడిందనుకుని పట్టించుకోలేదు. లారీని మెల్లగా షెడ్డుకి తిప్పింది.

తమ్ముడు మూత విప్పి మళ్ళీ పసుపు పూసి తిప్పాడు. పన్నుకి ఒక పక్కన మచ్చ చక్కగా మధ్యలో ఉంది. రెండో పక్కన, కాలు తీసినప్పుడు బరువు పడే వైపు, అంచున పడింది.

"ఆ వైపు చూసేలోపే నువ్వు మూత వేయించావు కదే అక్కా! నయం, అబ్బాయి పట్టేశాడు. గేర్ల మధ్య ఎడం సరిచేసే పల్చటి బిళ్ళలు రెండు మారిస్తే సరి."

"పాతవి ఎలా పోయాయిరా? నిజం చెప్పు."

తమ్ముడు స్పానర్ని గుడ్డతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"ఒక్క ఊపుకి విరిగినవి కావు. ఏడాది పాటు అరిగీ అరిగీ పోయాయి. అన్నాళ్ళూ గోల పెట్టే ఉంటాయి. నీకు వినపడలేదు."

"మరి ఆ మాట చెప్పి ఏడవలేదేం?"

"చెబితే నన్ను బతకనిచ్చేదానివా?"

స్టీరింగమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెవులు పోయినందుకు సగం, ఊరంతా చాటిన మాటకి సగం. సిగ్గుతో చచ్చిపోయింది. అయినా అల్లుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"పళ్ళు అరగదీసింది నేను, నింద వేసింది నీ మీద. తప్పయిపోయింది నాయనా."

అల్లుడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటత్తయ్యా? వినపడలేదు."

"చంపుతాను!" అని నవ్వేసింది ఆవిడ. అక్కడే ఫోను తీసి కలప డిపో ఆయనకి లారీ అమ్మడం లేదని చెప్పింది. ఆ తరవాత పక్క షెడ్డుకీ, టైర్ల కొట్టుకీ, టీ బంకుకీ కుంటుకుంటూ తిరిగి, "మా అల్లుడు తప్పేం లేదు, నాదే," అని ఒక్కొక్కరికీ చెప్పొచ్చింది. టైర్ల కొట్టాయన ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారీ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఖాళీ లారీ, మళ్ళీ నలభై. ఈసారి లేని బ్రేకుని రెండుసార్లే తొక్కింది. రోడ్డు తిన్నగా వచ్చాక అల్లుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ లారీ గురించి ఎవర్నీ ఏమీ అడగని మనిషి అతని వైపు తిరిగి కూర్చుంది.

"నువ్వు చెప్పు. ఏమైనా వినపడుతోందా?"

"లేదత్తయ్యా. హాయిగా ఉంది."

"అయితే పోనీ," అంది స్టీరింగమ్మ.